ఏడు సీసాల అడవి దున్న

పేడ వల్ల పరువు పోగొట్టుకున్నవాళ్ళు లోకంలో ఎందరున్నారో నాకు తెలీదు గానీ, ఆ పేడని సీసాల్లో దాచి, ఐసుపెట్టెలో పెట్టి, బస్సులో చంటిపిల్లలా ఒళ్ళో కూచోబెట్టుకుని మరీ పోగొట్టుకున్నదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. నవ్వుకోండి, పర్లేదు. ఇప్పుడు నాకూ నవ్వే వస్తోంది.

అప్పటికి నాకు డాక్టరేట్ వచ్చి మూడు నెలలు. డాక్టరేట్ కొత్తలో మనిషికి ఎదుటివాళ్ళు సరిగ్గా వినబడరు. పశువుల్లో, అడవి జంతువుల్లో ఎన్ని రకాల జన్యువులున్నాయో తేల్చడం మా ల్యాబ్ పని. గూడెం కొత్తవీధి కొండల్లో అడవి దున్నలు మిగిలున్నాయేమో చూసి రమ్మని సారు నన్ను పంపారు. జంతువు కనబడక్కర్లేదు, పేడ దొరికితే చాలు, అందులోంచి డీఎన్ఏ తీసి ఎవరిదో చెప్పెయ్యొచ్చు. మూడు వారాలు తిరిగాను. జలగలకి తప్ప ఎవరికీ ఉపయోగపడలేదు. ఏమీ దొరక్కపోతే ప్రాజెక్టు మూసేస్తామన్నారు. అది మూస్తే నా ఉద్యోగానికీ మూతే.

ఆఖరి వారంలో, కాఫీ తోటలు దాటాక వాగు పక్కన దొరికింది! పళ్ళెమంత పేడ, పక్కనే ఇంతేసి గిట్టల గుర్తులు. ఆనందంతో నేను వేసిన గంతుకి తిన్నగా బురదలో కూలబడ్డాను. వెతికితే ఆరు చోట్ల ఉంది. సీసాలు నింపుతుంటే, అడ్డాకుల మోపుతో ఒక పెద్దావిడ వచ్చి నిలబడింది. పై ఊరావిడ, పేరు గంగులమ్మ.

"ఏటి గుంటా, పేడ సీసాలో ఎడతన్నావు?"

"పరిశోధనమ్మా. ఇది అడవి దున్న పేడ."

ఆవిడ మోపు దించి మరీ నవ్వింది. "అడవి దున్నేటి? అది మా..."

"మీకు తెలీదులెండమ్మా. నేను గిట్టలు కొలిచాను," అన్నాను, చాలా జాలిగా.

ఆవిడ నాకంటే జాలిగా చూసింది. "సర్లే. అయితే ఆ బండ ఎనకాల ఇంకా ఉంది. బేగి ఎల్లి అట్టుకో, ఎండిపోతాది."

థాంక్యూ చెప్పి మరీ ఏడో సీసాలోకి అట్టుకున్నాను.

సిగ్నల్ దొరగ్గానే సారుకి ఫోన్ చేసి, "ఏడు దున్నల మంద సార్!" అని అరిచాను. సారు పై ఆఫీసులకి చెప్పారు. ల్యాబ్‌లో స్వీట్లు పంచారు. నేను రెండు తిన్నాను. మూడు వారాలకి ఫలితాలొచ్చాయి. సారు గదిలోకి పిలిచారు.

"అమ్మాయ్, ఏడు దున్నలన్నావు."

"అవును సార్."

"ఏడు సీసాల్లోనూ ఒకటే జంతువు."

"పోన్లెండి సార్, ఒకటైనా అడవి దున్నేగా?"

"దున్నే. అడవిది కాదు."

ఊళ్ళో ఎవరిదో దున్నపోతు! మేతకి అడవిలోకి పోయి ఏడు చోట్ల తన పని తాను చేసుకుంది. ఆ సాయంత్రం రాజీనామా రాద్దామని కూర్చుని, ఏడుస్తూనే ఆ ఫలితాలు మళ్ళీ తిరగేశాను. అప్పుడు కనబడింది. అది దున్నపోతే, సందేహం లేదు. కానీ మైదానంలో మేం పరీక్షించిన ఏ గేదెతోనూ దాని జన్యువులు కలవడం లేదు.

మర్నాడే బస్సెక్కాను. గంగులమ్మ ఇంటి ముందు నిలబడి, "అమ్మా, మీ దున్నని ఓసారి చూపిస్తారా?" అన్నాను.

"ఆ రోజు సెప్పబోతే ఇన్నావా? మా దున్నే అని సెప్పనిచ్చావా?"

"తప్పయిపోయిందమ్మా."

"రా, ముందు గంజి తాగు."

ఆవిడే నన్ను ఊరంతా తిప్పింది. పొట్టి కాళ్ళు, వెనక్కి వంగిన కొమ్ములు, మేకల్లా బండలెక్కే గేదెలు. "మా తాతల కాడినుంచి ఇయి కొండ దిగనేదు. కింద గేదెల్ని మేం పైకి తేనేదు," అంది. ఆ ఒక్క ముక్క నా చదువంతటికంటే ఎక్కువ పనిచేసింది. ఆవిడ గేదెల్ని పట్టుకుంటే నేను తోక వెంట్రుకలు తీశాను. ఆ పై రెండేళ్ళలో చుట్టుపక్కల కొండలన్నీ ఎక్కాం. అది వేరే కొండ గేదెల జాతి అని తేలింది. ప్రాజెక్టు మూతపడలేదు సరికదా, నా పేరుతో ఒక ల్యాబే తెరుచుకుంది.

విశాఖపట్నంలో పెట్టిన సభకి గంగులమ్మని పిలిచి వేదిక మీద కూచోబెట్టాం. హాలంతా లేచి ఆవిడకి చప్పట్లు కొడుతుంటే నా కళ్ళు చెమర్చాయి. అంతలో సారు మైకు ఆవిడ ముందు పెట్టి, "మీ దున్నకి పేరేమైనా ఉందా అమ్మా?" అన్నారు.

"ముందు నేదు బాబూ. ఈ గుంట ఒచ్చెల్నాక ఎట్టాం. సైంటిస్టు."

"మా అమ్మాయి మీద అంత అభిమానమా!"

"అభిమానం గాదు బాబూ. ఆడు కూడా ఎంత సెప్పినా ఇనడు."

హాలు నవ్వు ఆగేదాకా నేను టేబుల్ కింద లేని పెన్ను వెతికాను.

కాబట్టి సమస్త పాఠకుల సాక్షిగా, నాలుగు కాళ్ళ జీవకోటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఏ కొండ మీదైనా సరే, పేడ ముట్టుకునే ముందు దాని యజమానికి నమస్కారం పెట్టి, ఆవిడ చెప్పేది ఆఖరి అక్షరం దాకా విని, అప్పుడే సీసా మూత తీస్తాను.