ఖాళీగా ఉన్నవాళ్ళు ముందు

ఆసుపత్రి మూడో అంతస్తులో, మెట్ల పక్క గదిలో ఇరవై రెండేళ్ళుగా ప్రోగ్రాములు రాస్తున్న మనిషిని దాదాపు అందరూ బాబాయి అనే పిలుస్తారు. డాక్టర్లూ అంతే, గది ఊడ్చే ఆమె కూడా అంతే. అసలు పేరు మెడలో వేలాడే కార్డు మీద ఉంటుంది గానీ, ఆ కార్డు ఎప్పుడూ తిరగబడే ఉంటుంది.

ఆ ఏడాది ఆయన బాగా అలసిపోయారు. ఆయన ప్రోగ్రాములన్నీ రాసిన భాషకు కొత్త వెర్షన్ వచ్చి చాలాకాలమైంది. పాతదానికి ఇక మరమ్మతులు ఉండవు కాబట్టి శుక్రవారం సాయంత్రం ఐదింటికల్లా అంతా కొత్తదానిలోకి మారాలని పైనుంచి ఉత్తరువు వచ్చింది. పేరుకు అదే భాష. పాత చుట్టమే కదా అని పలకరిస్తే మాత్రం ముఖం తిప్పుకునేది. తొమ్మిది నెలలుగా ఒక్కో వరుసా సరిదిద్దుతూనే ఉన్నారు. ఒకచోట అతుకు వేస్తే రెండుచోట్ల చిరిగేది.

"ఇంతకీ మీరు పాత వెర్షనా, కొత్త వెర్షనా బాబాయ్?" అని ఎదురు బల్ల దగ్గరి లీడరమ్మ ఏడిపించేది. వయసులో ఇరవై ఏళ్ళు చిన్న, హోదాలో ఒక మెట్టు పైన.

"నాకు సపోర్టు ఎప్పుడో ఆపేశారమ్మా. ఏదో నడుస్తోంది కదా అని ఎవరూ ముట్టుకోవట్లేదు."

ఒకరోజు ఆమె నవ్వి, తన కుర్చీలోని దిండు తీసి ఆయన నడుం వెనక దోపి వెళ్ళింది. ఆ దిండు మళ్ళీ వెనక్కి అడగలేదు.

శుక్రవారం నాలుగింటికి ఒక్క ప్రోగ్రామే మిగిలింది, పదకొండేళ్ళ కిందట రాసిన డయాలసిస్ వరుసది. రేపు ఎవరెవరికి మంచం దొరుకుతుందో రోజూ అదే చెబుతుంది. ఎవరికి చికిత్స జరిగి ఎక్కువ రోజులైందో వాళ్ళు ముందు, నిన్ననో మొన్ననో జరిగినవాళ్ళు వెనక. మొదటి ఇరవై నలుగురికి మంచాలు. మిగిలినవాళ్ళు మర్నాటిదాకా ఆగాలి.

అది పరీక్షలన్నీ నెగ్గింది. "ఇక సరే అనేయండి బాబాయ్," అంది లీడరమ్మ. "ఆరింటికి కళ్ళ డాక్టరన్నారుగా. ఇప్పటికే రెండుసార్లు ఎగ్గొట్టారు, పిన్ని ఈసారి నన్ను తిడుతుంది."

బాబాయికి ఒక అలవాటుంది. ప్రోగ్రాము ఎవరి చేతికి వెళ్తుందో వాళ్ళ ఎదుట కూర్చుని, పాతది ఇచ్చిన జాబితా తాను, కొత్తది ఇచ్చింది వాళ్ళు, పేరు పేరునా పైకి చదవనిదే అప్పగించరు. డయాలసిస్ గది కింది అంతస్తులో. ఆ వేళ లిఫ్టు పనిచెయ్యడం లేదు. రెండు మోకాళ్ళూ ముందే నొప్పిగా ఉన్నాయి. కుర్చీలో కాసేపు కళ్ళు మూసుకున్నారు. "భగవంతుడా, ఈ మెట్లొక్కటీ దింపు," అనుకుని, రెండు కాగితాలూ తీసుకుని లేచారు.

డయాలసిస్ గది బయట బెంచీ మీద ఒక దర్జీ కూర్చుని ఉన్నాడు. పొద్దున్నే కొట్టు నుంచి నేరుగా వచ్చి కొత్తగా పేరు రాయించుకున్నాడు. టేపు ఇంకా మెడలోనే ఉంది. పాదాలు వాచి చెప్పుల్లో పట్టడం లేదు. పక్కనున్న ముసలమ్మ అతని కాళ్ళ కిందికి తన సంచీ జరిపింది.

లోపల హెడ్ నర్సమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. "చదవండి అన్నయ్యగారూ."

బాబాయి పాత జాబితాలో మొదటి పేరు చదివారు.

"నా కాగితంలో మొదట వేరే పేరుందే. మీరు చదివింది దర్జీ పేరు." ఆమె వేలు కిందికి జారుతూ పోయింది. "ఇదుగో. అట్టడుగున, ఇరవై తొమ్మిది."

బాబాయికి మంగళవారం గుర్తొచ్చింది. కొత్తవాళ్ళకు పాత చికిత్స ఉండదు కాబట్టి వాళ్ళ తేదీ గడి ఖాళీ. పాత భాష ఖాళీని అన్ని అంకెలకన్నా చిన్నదిగా ఎంచి ముందు కూర్చోబెట్టేది. కొత్తది, ఖాళీని అంకెతో పోల్చనని మొండికేసి ఆగిపోయింది. అప్పటికి ఆయన ఒంట్లో ఓపిక లేదు. 'ఖాళీ అయితే ఈరోజు తేదీ వేసుకో' అని ఒక్క వరుస రాసి వదిలించుకున్నారు. పరీక్షలు పేర్లు తగ్గాయా అని చూశాయి గానీ వరుస చూడలేదు.

ఈరోజు తేదీ అంటే ఈరోజే చికిత్స జరిగినట్టు. రేపు మళ్ళీ రేపటి తేదీ. ఆ దర్జీ రోజూ చివరే.

"తప్పు నాదే తల్లీ."

"నేను చూస్తే పైకి మార్చేదాన్నే. నేను సెలవులో ఉన్నరోజు ఎవరు చూస్తారు?" అని ఆమె ఆగింది. "కొత్తవాళ్ళు ముందు అన్న రూలు మీరే పెట్టారనుకున్నానే!"

"నేను మీ డాక్టర్లు చెప్పారనుకున్నాను."

"వాళ్ళు కంప్యూటరు చెప్పిందంటారు!"

ఇద్దరికీ నవ్వొచ్చింది, నవ్వడానికి ఓపిక చాల్లేదు. పదకొండేళ్ళుగా ఎవరూ ఆజ్ఞాపించని దయ ఒకటి ఆ గదిలో నడుస్తూ వచ్చింది. దాన్ని నడిపినవాడెవడో బాబాయికి తెలుసు; ఇందాక మెట్లు దింపమని వేడుకున్నది ఆయన్నే.

"ఉంచాలా, తీసెయ్యాలా?" అని అడిగారు.

"ఉంచండి. మొదటిసారి వచ్చేవాళ్ళు అప్పటికే ఆలస్యం చేసుకుని వస్తారు."

మళ్ళీ మెట్లు ఎక్కి, ప్రతి మలుపులో ఆగి, భార్యకు ఫోన్ చేశారు. "ఇవాళా కుదిరేట్టు లేదే."

"మీకంటే మీ కళ్ళకే ఓపిక ఎక్కువ. సోమవారానికి మార్పిస్తాలెండి. ముందు మంచినీళ్ళు తాగండి."

ఐదు దాటింది. లీడరమ్మ పైవాళ్ళకు ఫోన్ చేసి, "ఆలస్యం నావల్లేనండీ, ఇంకో గంట," అని చెబుతోంది. బాబాయి ఆమెవైపు చూస్తే, పని చూసుకోండన్నట్టు చెయ్యి ఊపింది.

మంగళవారం వరుస చెరిపి కొత్తది రాయడానికి రెండు నిమిషాలు పట్టింది. దానిపైన, తర్వాత ఎవరైనా చదువుకునేందుకు ఒక మాట రాయడానికి ఎక్కువసేపు పట్టింది: 'ఖాళీగా ఉన్నవాళ్ళు ముందు. ఇది పొరపాటు కాదు. తీసెయ్యకండి.'

మళ్ళీ కిందికి వెళ్ళి ఇద్దరూ మొదటినుంచి చదివారు. ఇరవై తొమ్మిది పేర్లూ కలిశాయి. బయటికొచ్చి బాబాయి దర్జీ పక్కన బెంచీ మీద కూలబడ్డారు.

"రేపు మీదే మొదటి మంచం," అన్నారు.

దర్జీ తలూపి, "మీకూ బాగాలేదా అండీ?" అని అడిగి, కొంచెం జరిగి చోటిచ్చాడు.