సాక్ష్యం అడిగే మాస్టారు

జ్ఞానప్రకాశం మాస్టారికి ఒక్కటే జబ్బు. ఎవరైనా బయోడేటాలో తమని తాము మెచ్చుకుంటే చాలు, సాక్ష్యం అడుగుతారు.

ఇంగ్లీషు మాస్టారుగా రిటైరయ్యాక, అమలాపురం బస్టాండు దగ్గరున్న నా జిరాక్సు షాపులో ఓ కుర్చీ ఆయనదైపోయింది. ఉద్యోగాలకి అప్లై చేసే పిల్లలు ప్రింటు తీయించుకుంటుంటే ఎర్ర పెన్నుతో కాచుకుని ఉంటారు. ఉచిత సేవ. వద్దన్నా ఊరుకోరు.

"నాయకత్వ లక్షణాలున్నాయని రాసేరు. ఎవరికి నాయకులండీ?" అని ఓసారి సాయికుమార్ అనే కుర్రాణ్ణి పట్టుకున్నారు.

"వాట్సాప్ గ్రూపుకి అడ్మిన్నండి."

"మీ మాట ఎవరైనా వింటారా?"

"అందరూ మ్యూట్‌లో పెట్టేరండి."

ఎర్ర గీత పడింది.

నా బోర్డు మీద 'నాణ్యమైన జిరాక్సు' అని ఉండేది. మాస్టారు ఓ కాపీని వెలుగులో పెట్టి చూసి, నా చేతికిచ్చేశారు. మర్నాడు నేనే పెయింటరుని పిలిచి 'నాణ్యమైన' చెరిపించాను.

అలాంటి మనిషికి కళ్యాణి దొరికింది. ఓడలరేవు వైపు పిల్ల. రొయ్యల మేత కంపెనీలో ఫీల్డ్ ఆఫీసరు ఉద్యోగానికి బయోడేటా, దానికో ఉత్తరం ఇంటర్నెట్‌లో చూసి రాసుకొచ్చింది.

"'మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో' అన్నారు. వాళ్ల ప్రతిష్ఠ మీకెలా తెలుసండీ?"

"తెలీదండి. అందరూ అలాగే రాస్తారండి."

గీతలన్నీ పడ్డాక పేరూ, చదువూ, ఫోన్ నంబరూ మిగిలాయి.

"డిగ్రీ అయ్యాక రెండేళ్లు ఖాళీగా ఉందే?"

"ఇంట్లోనే ఉన్నానండి. ఏం చెయ్యలేదండి."

"ఏం చెయ్యలేదనడానికి సాక్ష్యం ఏదండీ?"

పిల్ల బిక్కమొహం వేసింది. "నాన్నగారికి గుండె ఆపరేషనయిందండి. రొయ్యల చెరువు చూసుకున్నానండి, అంతే."

"మేత ఎవరు వేయించేరు?"

"నేనేనండి."

"కరెంటు పోతే?"

"జనరేటర్ వేసేదాన్నండి. నీళ్లలో గాలి కలిపే చక్రాలు ఆగితే రొయ్యలు చచ్చిపోతాయి కదండీ!"

మాస్టారు పెన్నుకి మూత పెట్టేశారు. మర్నాడు నా బండెక్కి చెరువుకి తీసుకెళ్లమన్నారు.

మమ్మల్ని చూసి కళ్యాణి సిగ్గుతో చచ్చిపోయింది. "నిజంగానే వచ్చేసేరేంటండీ!"

గట్టుమీద కూర్చున్న ఆమె తండ్రి గంగబాబుని అడిగారు మాస్టారు, "ఈ చెరువు మీ అమ్మాయే చూసిందటగా, నిజమేనాండీ?"

గంగబాబు కూతురివైపు చూశాడు. "ఆయ్. అది లేకపోతే ఈ చెరువు అప్పుడే పోయేదండి. ఆ ముక్క దానికెప్పుడూ చెప్పలేదండి."

కళ్యాణి మొహం నీళ్లవైపు తిప్పేసుకుంది.

"విన్నారుగా? ఇక మీరే రాయండి, నేను పక్కన కూచుంటాను" అన్నారు మాస్టారు.

అరపేజీ రాసింది. ఒక్క పొగడ్త లేదు. 'మీ మేత మా చెరువులో వాడాను. వానాకాలంలో ఎక్కడ బాగా పనిచేసిందో, ఎక్కడ చెయ్యలేదో చెప్పగలను' అన్నది మొదటి మాట. కంపెనీవాళ్లు వెంటనే పిలిచారు. ఇంటర్వ్యూ అంతా ఆ మాట మీదే నడిచింది. ఉద్యోగం వచ్చింది.

ఆ వారమే గంగబాబు సంచీడు రొయ్యలు పట్టుకుని షాపుకొచ్చాడు. "మాస్టారండీ, మీరు తింటారో లేదోనని..."

మాస్టారికి రొయ్య పడదు. వాసనకే ఒళ్లంతా దద్దుర్లు. అయినా రెండు చేతులా సంచీ అందుకుని, "రొయ్యలంటే ప్రాణమండీ నాకు!" అన్నారు.

గంగబాబు సందు తిరగ్గానే సంచీ నా చేతిలో పెట్టి, మోచెయ్యి గోక్కుంటూ అన్నారు:

"మీ ఆవిడగారి చేత ఇగురు పెట్టించండి. ఆయన అడిగితే మాత్రం, నేను రెండోసారి అడిగి మరీ వేయించుకున్నానని చెప్పండేం."