సత్తెమ్మ గుమ్మంలో అమ్మ పట్టిన జోలె

మా చిన్నప్పుడు... తమ్ముడు జ్వరంతో కళ్ళు తెరవకుండా పడి ఉంటే, మా అమ్మ పసుపు గుడ్డను భుజానికి జోలె కట్టుకుని వీధిలోకి దిగింది. ఊళ్ళో సగంమందికి పని ఇచ్చే ఇంటి కోడలు... అడుక్కోవడానికి బయల్దేరింది.

"ఏడుకొండలవాడా, బిడ్డని దక్కించు! నీ పేరున జోలె పడతాను. మా వీధిలో ఒక్క గడప కూడా వదలను" అని మొక్కుకుంది. అలా వచ్చిన బియ్యం వండి నైవేద్యం పెడితే స్వామి కరుణిస్తాడని నమ్మకం. ఒక్క గడప వదిలినా మొక్కు చెడినట్టే.

పెద్దిళ్ళవాళ్ళు "అయ్యో వదినా" అంటూ చేటలతో పోశారు. నేను సిగ్గుతో తల ఎత్తకుండా వెనకాల నడిచాను.

వీధి చివర సత్తెమ్మ పాక. మా చేలో ఊడ్పులకు వచ్చేది. అక్కడ అమ్మ కాళ్ళు ఆగిపోయాయి... ఎందుకో నాకు తెలుసు.

అంతకుముందు వారం సత్తెమ్మ కూతురికీ ఇదే జ్వరం. చీకటి పడుతుండగా గ్లాసు పట్టుకుని మా పెరట్లోకి వచ్చింది. "కాసిని పాలు పొయ్యండమ్మగారూ... పిల్ల ఏదీ నోట పెట్టట్లేదండీ" అంది. పిడకల దాలి మీద పాలకుండ నిండుగా ఉంది. అమ్మ లేవలేదు.

"దీపాలు పెట్టాక పాలు బయటికి ఇస్తారటే? తెల్లారి రా."

ఇప్పుడు సత్తెమ్మ గుమ్మంలో దీపం వెలుగుతోంది...

అన్ని గడపల్లో "గోవిందా" అని పిలిచింది అమ్మే. ఇక్కడ నేనే అన్నాను. సత్తెమ్మ తొంగి చూసి, లోపలికెళ్ళి, ఎసట్లో వెయ్యబోతున్న బియ్యం గిన్నెతో వచ్చింది. వెనకాల మంచం మీద పిల్ల ఇంకా మూలుగుతూనే ఉంది.

"దీపం పెట్టేశావు కదే, సత్తెమ్మా..." అంది అమ్మ.

"మా దీపానికి అంత పట్టింపుల్లేవులెండి, అమ్మగారూ. ముందు బాబు బతకాలి. పట్టండి జోలె."

గిన్నె బోర్లించేసింది. అమ్మ తల వంచుకుని అలాగే నిలబడిపోయింది.

తమ్ముడు బతికాడు. సత్తెమ్మ కూతురూ లేచి తిరిగింది. మర్నాటి నుంచి అమ్మ వాళ్ళకు పాలచెంబు పంపేది... నాచేత. తను మాత్రం వెళ్ళలేదు. అదీ సిగ్గే.

"ఇంటి పరువు ఫేస్‌బుక్‌లో పెడతారా అత్తయ్యగారూ?" అంటోంది మా కోడలు. నాకు చదువు రాదు, నేను చెబుతుంటే మనవరాలు ఫోన్లో టైపు కొడుతోంది. ఒక్క ముక్క తియ్యొద్దన్నాను. మా అమ్మయినా సరే, తప్పు తప్పే. ఆ రోజు పాలు పొయ్యాల్సింది.

మొన్న ఇంట్లో ఆపరేషన్ అయితే మావాళ్ళు ఫోన్లోనే డబ్బు పంపి మొక్కు తీర్చేశారు. స్వామికి చేరే ఉంటుంది... కానీ మాలో ఎవరికీ ఏ గుమ్మం ముందూ తల వంచే పని పడలేదు.

మీ ఇళ్ళల్లో జోలె పట్టినవాళ్ళు ఉన్నారా? ఎవరి గుమ్మంలో కాళ్ళు ఆగిపోయాయో... అది కూడా దాచకుండా చెప్పండి.