నేను బరువు తగ్గించిన అవ్వ పాట

మా చెల్లెలి పెళ్లిలో చర్చి నిండా ఉండే జనాల నోళ్లు ఒక్క దెబ్బకు మూయించిన ఘనుణ్ణి నేను. నవ్వుకోండి, ఏమనుకోను. తలుచుకుంటే నాకే ఇప్పటికీ తల యాడ పెట్టుకోవాల్నో తెలీదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో నంద్యాలలో నాకు పెళ్లిపత్రికలు, కరపత్రాలు టైపు చేసిచ్చే డీటీపీ సెంటరుండేది. పేజీలు దిద్దే సాఫ్టువేరు ఎంత బరువంటే, అది తెరుచుకునేలోపు టీ తాగి, టీ అంగడాయనతో రాజకీయాలు కూడా మాట్లాడి రావొచ్చు. విసుగొచ్చి దాన్ని పీకేసి, ఫ్లాపీలో పట్టేంత చిన్న సాఫ్టువేరు పెట్టినా. నొక్కితే చాలు, తెరుచుకునేది. ఇంక చూడండి నా పొగరు! వచ్చిన గిరాకీకల్లా ఒకటే పాఠం. "పాలప్యాకెట్టు తెచ్చుకునేదానికి లారీ కట్టుకుని పోతావా అప్పా?"

మిడుతూరులో ఉండే మా అవ్వకు చదువు రాదు, పాటలు మాత్రం భలే కడుతుంది. పెళ్లికని ఒకటి కట్టింది.

"నా పాట ఒక్కసారన్నా చర్చంతా పాడాల నాయనా. అచ్చేయించు."

"ఓస్, అంతేనా అవ్వా!"

ఆమె పాడింది, నేను టైపు చేసినా. తెర మీద తెలుగు ముత్యాల్లా ఉండాది. కాగితాల కట్టలు మోసేదెందుకని, పెళ్లి పొద్దున ఆళ్లగడ్డలో చర్చి పక్క కంప్యూటరుండే జిరాక్సు అంగట్లో పాటుండే ఫ్లాపీ ఇచ్చినా.

"తీసినాక ఒకసారి చూసుకోవా?" అన్యాడు ఆయన.

"చూసేదేముందన్నా, చేసింది నేను! నేరుగా చర్చిలోకి పంపించు" అని, పందిట్లో పెత్తనం చేసేదానికి పోయినా.

"పెళ్లికూతురి అవ్వ కట్టిన పాట. అందరూ కాగితం చూసి పాడండి" అన్యారు పాస్టరయ్య. అవ్వ ఎత్తుకుంది. ఒక్క గొంతూ కలవలేదు. కొందరు కాగితాన్ని తలకిందులు చేసి చూస్తాండారు.

మా నాయన నా చెవికాడికొచ్చి, "ఏందిరా ఇది? యా దేశం భాష?" అన్యాడు.

చూస్తే కాగితం నిండా ఇంగ్లీషు అచ్చరాలు, డాలరు గుర్తులు! అప్పట్లో కంప్యూటర్లో తెలుగంటే ఇంగ్లీషు అచ్చరాలకు తొడిగిన చొక్కా. ఆ చొక్కా పేరే ఫాంటు. పాత బరువు సాఫ్టువేరైతే చొక్కాను కూడా మూటగట్టి పంపేది; నా చిన్నది చొక్కాను నంద్యాలలోనే వదిలేస్తే, పాట ఒట్టి ఒంటితో ఆళ్లగడ్డకొచ్చింది. అవ్వ ఒక్కతే పాడి, గొంతు తగ్గించుకుంటా ముగించింది.

బయటికొచ్చినాక నన్ను పట్టుకుని, "నా పాట బాగలేదా నాయనా? ఎవురూ పాడకపోతిరే" అనింది.

సిగ్గుతో చచ్చిపోయినా. "పాట బంగారమవ్వా. అచ్చే చెడింది. నేను చూసుకోలేదు."

అవ్వ కాగితం మడిచి నా జేబులో పెట్టింది. "చదువు రానిదాన్ని, నేను చూడలేదంటే సరే. చదివినోడివి, నీకేం రోగం?"

అవ్వ అంతటితో వదల్లేదు. శిక్ష కూడా ఏసింది. భోజనాల కాడ నన్ను బెంచీ ఎక్కించి, "నేను చెప్పేది నువ్వు పాడు, నీ ఎనక అందరూ పాడతారు" అనింది. నా గొంతు వింటే గేదెలు తాడు తెంపుకుంటాయి. అయినా పాడినా. విస్తళ్ల ముందర కూర్చున్నోళ్లంతా కడుపు పట్టుకుని నవ్వుకుంటానే, చివరి మాటదాకా పాడినారు. అవ్వ మొగం వెలిగిపోయింది.

బెంచీ దిగకముందే ఒట్టేసుకున్నా. సాఫ్టువేరు ఏనుగంత ఉన్నా మోస్తా, తెరుచుకునేదానికి పొద్దుగూకినా కూర్చుంటా. మళ్లీ జనం ముందర పాడే గతి మాత్రం తెచ్చుకోను.