ఆకాశం నుంచి పచ్చగా కనబడిన చేను

నేను నంద్యాలలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ఆ ఏడు అంతరిక్ష శాఖకు ఇచ్చే నిధుల మీద, ఆ రంగానికి తేవాల్సిన చట్టం మీద లోక్‌సభలో చర్చ పెట్టారు. మా వైపు ఎంపీకి మూడు నిమిషాలు దొరికాయి. దీపావళికి సీసాలో పెట్టి కాల్చేది తప్ప ఆయనకు వేరే రాకెట్ తెలియదు. నాలుగు ముక్కలు రాసిమ్మని ఆయన పీఏ నాకు ఫోన్ చేశాడు. మామూలుగా అయితే ఆ గడప తొక్కేదాన్ని కాదు. మా అన్న చేను కోసం ఒప్పుకున్నాను.

మా అన్న కోయిలకుంట్ల దగ్గర నల్లరేగడి కౌలుకు తీసుకుని పప్పుశనగ వేశాడు. సరిగ్గా పూత మీద ఉన్నప్పుడు ముసురు పట్టింది. పప్పుశనగకు నేలలో పదును ఎక్కువైతే పైరంతా ఆకుకు పోతుంది. మోకాళ్లు దాటి కమ్ముకుంటుంది, కాయ మాత్రం ఉండదు. రోడ్డున పోయేవాళ్లు బండి ఆపి మరీ భలే పైరు అని మెచ్చుకుంటుంటే, మా అన్న చెట్టు చెట్టూ వంచి చూసుకుంటూ తిరిగాడు. బీమా వాళ్లు చేలోకి రానేలేదు. ఉపగ్రహం తీసిన బొమ్మలో పచ్చగా ఉంది కాబట్టి పంట బాగా పండినట్టేనని, పరిహారం రాదని తేల్చేశారు. ఆ బొమ్మ ఒకసారి చూపించమంటే, అది రైతులకు చూపించేది కాదన్నారు. మళ్లీ పరిశీలించమని అన్న అర్జీ పెట్టుకున్నాడు. దాన్ని కొట్టేస్తే కౌలు చేను వదులుకోవాల్సిందే.

నాకు ఉపగ్రహాల మీద కోపం లేదు. ప్రయోగం ఉన్న రోజు క్లాసు ఆపి పిల్లలకు చూపించే మనిషిని నేను. అందుకే నిధులు తగ్గించొద్దని, పరిశోధనకు ఇంకా ఇవ్వాలని గట్టిగానే రాశాను. చివర ఇలా పెట్టాను: "ఆకాశం నుంచి చూస్తే మా కోయిలకుంట్ల చేలు పచ్చగా కనబడతాయి. కానీ ఆ పచ్చదనం కింద కాయ లేదు. ఆ బొమ్మను చూసే హక్కు, కాదని చెప్పే హక్కు రైతుకు చట్టంలోనే ఉండాలి."

ఆదివారం ఆళ్లగడ్డలో ఎంపీ ఇంటికి తీసుకుపోయి ఇచ్చాను. హాలు నిండా తెల్లచొక్కాలు. ఊళ్లో శిల్పులకు చెప్పి పెద్ద రాతి రాకెట్ చెక్కించి కూడలిలో నిలబెట్టాలట, దాని కింద ఎవరి పేరు ఉండాలా అని వాదులాడుకుంటున్నారు. ఎంపీ నా కాగితం పైనుంచి కిందికి చూసి, మా నాయకుని పేరు యాడుందమ్మా అని అడిగాడు. ఇది అంతరిక్షం గురించి కదండీ అన్నాను.

"ఆయప్ప పేరు తీయకుండా నేను ఆడ లేసి నిలబడితే, రేపు నాకు టికెట్ ఎవరిస్తారు?" అన్నాడు.

మీకు నచ్చిన పేర్లు చేర్చుకోండి, చివరి మాటలు మాత్రం తీయొద్దని బతిమాలుకున్నాను. రైతు మాట తీసేస్తానా, నేను గూడా రైతు బిడ్డనే గదా అని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. నమ్మి, వాళ్లిచ్చిన టీ తాగి వచ్చాను.

చర్చ రోజు మా అన్న ఇంట్లోనే కూర్చుని ఫోన్‌లో చూశాం. సభ సగం ఖాళీ. ఉన్నవాళ్లలో ఒకాయన ఆవలిస్తున్నాడు. మావాడు లేచి, దేశాన్ని చంద్రుడి మీదికి చేర్చింది తన నాయకుడేనన్నట్టు పొగిడాడు. శాస్త్రవేత్తల ఊసు లేదు. నిధుల మాట ఎత్తలేదు. ఆళ్లగడ్డ రాతి రాకెట్ ఒకటి పార్లమెంటు ముందు పెట్టించమని కోరాడు. చివరికి గొంతు పెంచి, ఆకాశం నుంచి చూస్తే మా కోయిలకుంట్ల చేలు పచ్చగా కనబడతాయి అన్నాడు. వెనకవాళ్లు బల్లలు చరిచారు. నమస్కారం పెట్టి కూర్చున్నాడు.

తరువాతి మాట కోసం మా అన్న ఇంకా ఫోన్ వైపే చూస్తున్నాడు. ఆ తరువాత లేచినవాళ్లూ అంతే. ఒకాయన పురాణాల్లో విమానాల గురించి చెప్పాడు, ఇంకొకాయన ఎదుటి పార్టీని తిట్టాడు. కాసేపటికి మూజువాణి ఓటుతో పద్దులు గట్టెక్కాయి. ఇంత చదువుకున్న దేశం తన ఆకాశాన్ని ఇలాంటి వాళ్ల చేతికి అప్పజెప్పిందా అని రోత పుట్టింది. ఇప్పటికీ తలుచుకుంటే అదే రోత.

మర్నాడు పీఏకు ఫోన్ చేసి కడిగేశాను. వాడు నొచ్చుకోలేదు సరికదా, రెండో ముక్క కొంచెం నెగెటివ్‌గా ఉందని తీసేశామని, మొదటిది సారుకు బాగా నచ్చిందని చెప్పాడు. వారం తిరగక ముందే ఆళ్లగడ్డలో ఫ్లెక్సీలు లేచాయి. వ్యోమగామి దుస్తుల్లో ఎంపీ, కింద పచ్చని చేలు, ఆ పైన నా వాక్యం. బస్సు కిటికీలోంచి చూసి మొహం తిప్పుకున్నాను.

అర్జీ విచారణకు మా అన్నను నంద్యాలకు పిలిచారు. పని చూసుకుని సాయంత్రం మా ఇంటికొచ్చాడు. ఏమైందని అడిగితే ముందు అన్నం పెట్టమన్నాడు. తింటూ తింటూ చెప్పాడు. తను తీసుకుపోయిన కాయ లేని కొమ్మలు ఆఫీసరు చూడనే లేదట. ఫోన్ తీసి ఎంపీ ప్రసంగం పెట్టి వినిపించాడట.

"మీ ఎంపీ సారే చెప్తాండాడు గదప్పా పచ్చగా ఉందని, ఇంక నన్నేం చెయ్యమంటావ్ అన్నాడు పాపా" అన్నాడు.

అర్జీ కొట్టేశారు. చేను ఉగాదికి ఒప్పజెప్పేస్తానని నెమ్మదిగా అన్నాడు. నా ముఖం చూసి, చెయ్యి కడుక్కోవడానికి లేస్తూ అన్నాడు:

"ఆ మాట రాసింది మా చెల్లెలే అని ఆడ నేను చెప్పలేదులే."