గడియ ఊడబీకించిన మా అత్తమ్మ

మా అత్తమ్మ పోయింది. ఆదివారం తెల్లవారి టీ పెట్టి లేపబోతే పలకలేదు. రావల్కోల్‌లో ఉండే ఆడబిడ్డకు నేనే ఫోన్ చేసి చెప్పాను. చెబుతున్నంతసేపూ అబద్ధమాడుతున్నట్టే ఉంది.

తొంభైల్లో, శామీర్‌పేటకు కోడలిగా వచ్చిన కొత్తలో, నాకు మూర్ఛ ఉందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. మా అమ్మ చెప్పనివ్వలేదు. మాత్రలు పౌడరు డబ్బాలో పెట్టుకుని దొంగచాటుగా మింగేదాన్ని. ఇలా మింగేవాళ్లు మీలోనూ ఉండే ఉంటారు. శ్రావణ సోమవారాలు ఒక్కపొద్దులున్నాను. మాత్ర వేసుకుంటే ఒక్కపొద్దు చెడుతుందని, నా తెలివి మండ, ఆ రోజుల్లో మానేశాను. మూడో సోమవారం నల్లా దగ్గర పడిపోయాను. తెలివి వచ్చేసరికి చేతిలో తాళంచెవులున్నాయి. పెట్టింది అత్తమ్మే. అప్పటికి ఆమెకూ అంతే తెలుసు.

ఇక పుట్టింటికి పంపేస్తారనుకుని బట్టలు సర్దుకుంటుంటే వచ్చి నిలబడింది.

“ఎన్నేండ్ల సంది?”

“పదేండ్ల సంది అత్తమ్మా.”

“మరి గోలీ?”

“ఒక్కపొద్దు గదా అని...”

“దేవునికి నీ గోలీతోని ఏం లొల్లి పిచ్చిదానా! గా సంచి పక్కకు పెట్టు. జల్దీ ఏస్కో.”

ఎంత ఏడ్చానో.

మర్నాడే బాత్రూం తలుపుకు లోపలి గడియ ఊడబీకించింది. నేను స్నానం చేస్తున్నంతసేపూ బయట చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చునేది. మాటిమాటికీ “ఓ పిల్లా!” అనేది. నేను “ఊ” అనకపోతే తలుపు తోసుకుని వచ్చేసేది. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. మా ఆయన పొద్దున్నే ఆటో తీసుకుని పోతే పగలంతా మేమిద్దరమే.

నెలకోసారి మేడ్చల్‌లో డాక్టరు దగ్గరికి నాతో బస్సెక్కేది. పడినప్పుడు తాళాలు పెట్టొద్దని, పక్కకు తిప్పి పడుకోబెట్టాలని ఆయన చెబితే వాడకట్టంతా తిరిగి అందరికీ నేర్పింది. చదువు రాదు. మాత్ర రంగు మారితే చాలు, షాపువాడిని నిలదీసేది.

రెండేళ్లు మూర్ఛ రాకపోయేసరికి నాకు ధైర్యమొచ్చింది. “మంచిగనే ఉన్న గదా, ఇగ బంద్ జేస్త” అన్నాను.

“ఏస్కుంటున్నవ్ గావట్టే మంచిగున్నవ్. డాక్టరు బంద్ జెయ్యమన్నడా? నీకు నువ్వే డాక్టరువా ఏంది?” అని కసిరింది.

అప్పుడు కోపమొచ్చింది. ఇప్పుడు ఎవరైనా అట్లా కసిరితే బాగుండుననిపిస్తోంది. మా ఆయన ఆటో తీసుకుని పోయాక ఇల్లంతా నేనొక్కదాన్నే.

ఆ ఆదివారం ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. శవం లేచేదాకా ఇంటివాళ్లు మంచినీళ్లు కూడా ముట్టకూడదంటారు మా వైపు. ఆడబిడ్డ ఇంకా రాలేదు. ఎనిమిది దాటింది. నా మాత్ర వేళ. “ఏస్కున్నవా?” అని ఎవరూ అడగలేదు. అంతమంది చూస్తుండగా లోపలికి వెళ్లి, మాత్ర, గ్లాసుతో నీళ్లు తెచ్చుకుని ఆమె తల దగ్గర కూర్చున్నాను.

“శవం లేవకముందే నీళ్లు తాగుడేంది గీమె?” అని ఎవరో గొణిగారు.

మాత్ర నోట్లో వేసుకుని ఒక గుక్క తాగాను. ఇంకో గుక్క తాగాను.

“ఏస్కున్న అత్తమ్మా” అని ఆమెకే చెప్పి, ఖాళీ గ్లాసు పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను.