గొర్రెలకూ సరిపోయే ప్రొపెల్లరు

పెనుకొండలో మా మేనమామ పోయారని అత్త ఫోన్ చేసినప్పుడు నేను హిందూపురంలో నా గేర్ల షెడ్డులో ఉన్నాను. మిషన్లన్నీ ఆపించబోయి, ఒకదాని దగ్గర ఆగిపోయాను. పళ్లు సగం కోసిన గేరును మధ్యలో వదిలేస్తే ఆయనకు ఒళ్లుమండేది. అది పూర్తయ్యాకే బస్సెక్కాను.

మామ సముద్రం పక్కన పడవలు తయారుచేసే చోట ఇంజనీరుగా పనిచేసి, రిటైరయ్యాక నీళ్లు కనపడని మా సీమకు తిరిగొచ్చారు. పొద్దున్నే నడకకు వచ్చే తోటివాళ్లు షుగరు గురించి మాట్లాడుకుంటుంటే ఈయన ప్రొపెల్లర్ల గురించి మొదలుపెట్టేవారు. వాళ్లు తప్పించుకుంటే అత్తకు చెప్పేవారు. ఆమె చిక్కుడుకాయలు తుంచుతూ ఊకొట్టేది. అణకువ అనేది ఆయన ఒంట్లో లేదు. ఎవరింటికి పోయినా టేబుల్ ఫ్యాను చూసి "రెక్కల వంపు సరిగా లేదు" అనేవారు. భరించడం కష్టమే. కానీ తెలియనిదాన్ని తెలుసని చెప్పడం మాత్రం ఆయన దగ్గర నేనెప్పుడూ చూడలేదు.

ఆయన ఇంకా బాగా తిరుగుతున్న రోజుల్లో, ధర్మవరం అవతల, తాడిమర్రి వైపు రిజర్వాయరులో చేపలు పట్టేవాళ్లు సంఘంగా కలిసి ఒక ఇంజను పడవ కొన్నారు. మామూలు రోజుల్లో అది వలలూ చేపల పెట్టెలూ మోయాలి. వానలకు నీళ్లు ఉన్నట్టుండి పెరిగి, అవతలి దిబ్బల మీద ఎవరైనా చిక్కుకుంటే తొందరగా పోయి తీసుకురావాలి. దానికి తగిన ప్రొపెల్లరూ గేరూ చెప్పమని మామ దగ్గరకు వచ్చారు. ఆయన పొంగిపోయారు. ఇంజను బలం, పడవ బరువు, ఎక్కే మనుషులు, అన్నీ చూసుకుని, చిన్న ప్రొపెల్లరు వేగంగా తిరిగేట్టు గేరు ఎంచారు. గేర్ల జత నేను కోయించాను. పడవ నీళ్ల మీద జారుతూ పోతుంటే గట్టు మీద ఈలలు వేశారు. మామ పెళ్లికొడుకు తండ్రిలా నిలబడి చూశారు.

ఆ సంబరంలో సంఘం పెద్ద, అక్కడ గొర్రెలు మేపుకుంటున్న ఒక ముసలాయన్ను పడవెక్కి చూడమన్నాడు.

"నేనొక్కణ్ణే ఏంటికి ఎక్కల్ల?" అన్నాడాయన. "నీళ్లొస్తే జీవాలను ఆడ ఇడిసిపెట్టి వస్తానా?"

"ముందు మనిషి బతకల్ల గదా పెద్దాయనా."

"అవీ పానాలే గదప్పా. అవి రాకుంటే నేనూ రాను."

మామ ముఖం మారిపోయింది. ఆయన తల్లి, అంటే మా అవ్వ, నల్లమాడ దగ్గర గొర్రెలు కాసిన మనిషే. "మాయమ్మ కూడా ఇదే మాట అంటాండె. ఎట్ల మర్చిపోతినో," అన్నారు. వెంటనే గొర్రెల బరువుకు సరిపడా ఇసుక మూటలు తెప్పించి పడవ నింపించారు. పడవ ముక్కు పైకెత్తి, నల్లపొగ కక్కుకుంటూ ఈడ్చుకుపోయింది. ఇంజను తిరగవలసినంత తిరగలేక మూలిగింది.

"నేనేసిన లెక్క తప్పు," అన్నారు అందరి ముందూ. "గొర్రెలను ఇడిసిపెట్టి లెక్కేసినా."

అంత మురిసిపోయిన మనిషి అంత తేలిగ్గా ఆ మాట అనగలగడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

పెద్ద ఇంజను పెట్టిద్దామా అని సంఘంవాళ్లు అడిగితే వద్దన్నారు. ఇంజనులో బలం ఉంది, ఉన్న బలం నీళ్లకు అందడం లేదు, అంతే. నిండు లోడుతో ఎత్తు ఎక్కే లారీకి కింది గేరు వేసినట్టు ఇక్కడా గేరు మార్చాలి. ప్రొపెల్లరు నిదానంగా తిరగాలి, కానీ పెద్దది కావాలి. ఎంత పెద్దదో తేల్చడానికి పడవ కిందికి దూరి, రెక్క కొసకూ పడవ అడుగుకూ మధ్య చెయ్యి పెట్టి చూశారు. "నీళ్లు పోయేకి దారి ఉండల్ల పాపా. లేకుంటే పడవంతా అదురుతుంది," అన్నారు నాతో. పాత గేరుపెట్టెలోనే కొత్త జత కోయించి బిగించాను.

"ఖాళీగా పోయేటప్పుడు ముందరంత స్పీడు లేదు సార్," అని సంఘంవాళ్లు గొణిగారు.

"ఖాళీ పడవలో కాపాడేకి ఏముంటాదప్పా?" అన్నారు.

ఇసుక మూటలతో పడవ బాగానే పోయింది. ఆయనకు మాత్రం తృప్తి కలగలేదు. మూట పెట్టినచోటే ఉంటుంది, గొర్రె ఉండదు కదా. ఊరికే పరీక్ష కోసం పడవెక్కించమంటే గొర్రెలు ఎవరిస్తారు? మంచం పట్టాక కూడా నన్ను చూడగానే "జీవాలు ఎక్కినాయా పాపా?" అని అడిగేవారు. ఇంకా లేదనే చెప్పేదాన్ని. ఆ జవాబుతోనే ఆయన్ను పంపించేశాం. నా బాధంతా అదే.

కర్మలు ముగిసిన కొన్నాళ్లకు పెద్ద వాన పట్టుకుంది. దిబ్బ చుట్టూ నీళ్లు చేరాయని, గొర్రెల ముసలాయన అక్కడే ఉన్నాడని సంఘంవాళ్లు చెబితే నేనూ పోయి పడవలో ఇంజను పక్కన కూర్చున్నాను. గేర్లు నావి మరి. తడిసిన గొర్రెలను ఎత్తి లోపలికి వేశారు. పడవ మలుపు తిరగగానే అవన్నీ ఒకవైపుకు తోసుకున్నాయి. పడవ ఒరిగి, సర్దుకుని, మెల్లగా ముక్కు దించుకుని నీళ్ల మీదికి లేచింది. పొగ లేదు. ఇంజను ఎక్కడా మూలగలేదు. మామ ఉండి చూడవలసింది.

ముసలాయన కళ్లు గట్టిగా మూసుకుని, ఒళ్లో ఒక గొర్రెపిల్లను అదుముకుని కూర్చున్నాడు. గట్టు తగిలింది. గొర్రెలు దూకి గడ్డి వైపు పోయాయి.

"వచ్చేసినామా?" అన్నాడాయన, కళ్లు తెరవకుండానే.

ఒళ్లో పిల్ల నిద్రపోతోంది.